సెకండ్ హ్యాండ్ కారుకు హిస్టరీ రిపోర్ట్: ఏది తీసుకోవాలి, అసలు తీసుకోవాలా?

కట్టంగూర్ పోరడు:
అందరికీ నమస్తే. నల్లగొండలో ఒక కార్ కన్సల్టెన్సీలో 2018 స్విఫ్ట్ డీజిల్ చూశాను. టీఎస్ 05 బండి, తెల్లది, మీటర్ 62 వేలు. ఫస్ట్ ఓనర్ అంటున్నారు. ఐదు లక్షల పదివేలు చెప్పారు, కూర్చుంటే కొంచెం తగ్గుతుందట. నాన్నను తరచూ హైదరాబాద్ ఆస్పత్రికి తీసుకెళ్లాల్సి వస్తోంది, బస్సుల్లో ఆయన వల్ల కావడం లేదు. బండి నాకు నచ్చింది, కానీ వీళ్ల మాట నమ్మాలంటే టెన్షన్‌గా ఉంది.

ఫోన్‌లో వెతికితే మూడు రకాల రిపోర్టులు కనిపించాయి. ఒకటి వంద రూపాయల లోపు: ఓనర్, ఇన్సూరెన్స్, చలాన్లు చూపిస్తుందట. రెండోది ఐదు వందలకు దగ్గర: యాక్సిడెంట్ హిస్టరీ, సర్వీస్ హిస్టరీ కూడా అంటున్నారు. మూడోది వెయ్యి దాటింది: మనిషి వచ్చి బండి మొత్తం చూసి రాసిస్తాడట. ఎవరైనా వాడారా? ఏది మంచిది?

క్లాక్‌టవర్ కాకా:
రిపోర్టులు ఎందుకు తమ్మీ. తెలిసిన మెకానిక్‌ను వెంటబెట్టుకొని పో, పానగల్లు దాకా ఒక రౌండ్ కొట్టు, చేతులు దులుపుకొని రా. నేను అట్లనే నాలుగు బండ్లు కొన్న.

దేవరకొండ టీచరమ్మ:
కాకా, మెకానిక్‌కు ఇంజిన్ తెలుస్తుంది గానీ బండి మీద ఫైనాన్స్ ఉందో లేదో తెలుస్తుందా?

తమ్ముడూ, పోయిన ఏడాది నేను కూడా ఈ గొడవంతా పడి ఒక కారు కొన్నాను. ఏ రిపోర్ట్ మంచిది అని చూసే ముందు, ఆ రిపోర్టులోకి సమాచారం ఎక్కడి నుంచి వస్తుందో చూడు. వంద రూపాయల రకం దాదాపు మొత్తం ప్రభుత్వ రికార్డే. ఎన్నో ఓనర్, రిజిస్ట్రేషన్ తేదీ, ఇన్సూరెన్స్ ఎప్పటి దాకా, పొల్యూషన్ సర్టిఫికెట్, బ్యాంకు పేరు మీద హెచ్‌పీ, అంటే లోను తాకట్టు, ఉందా. ఇవి రవాణా శాఖ దగ్గరే ఉంటాయి, ఉచితంగానే చూసుకోవచ్చు.

ఇక్కడ మన రాష్ట్రానికి ఒక చిక్కు ఉంది. దేశమంతా బండ్ల రికార్డులు కేంద్రం నడిపే వాహన్‌లో ఉంటే, తెలంగాణ చాలా ఏళ్లు అందులో చేరకుండా సొంత వ్యవస్థ నడుపుకుంది. అందుకే ఢిల్లీలోనో బెంగళూరులోనో తయారైన యాప్‌లలో టీఎస్ బండి నంబర్ కొడితే చాలాసార్లు సగం గడులు ఖాళీగా వస్తాయి. ముందు మన రవాణా శాఖ వెబ్‌సైట్‌లో చూడు. అక్కడ వచ్చిన దాన్ని ఆర్సీ కార్డు పక్కన పెట్టుకొని ఒక్కో గడి పోల్చు. ముఖ్యంగా చాసిస్ నంబర్, ఇంజిన్ నంబర్, తయారైన నెల. ఆ పని ఫ్రీగా అయ్యాకే డబ్బు పెట్టే రిపోర్ట్ గురించి ఆలోచించు.

ఎన్‌హెచ్65:
చలాన్లు కూడా ఫ్రీనే. తెలంగాణ పోలీసుల ఈ-చలాన్ సైట్‌లో బండి నంబర్ కొడితే చాలు. ఎంత కట్టాలనేది ఒక్కటే చూసి వదిలేయకు. పెండింగ్‌లో ఉన్న చలాన్లలో తేదీ, చోటు, చాలాసార్లు ఫోటో కూడా ఉంటుంది. ఆ ఫోటో తెరిచి జూమ్ చేసి చూడు. మా బావమరిదికి చూపించిన కారు "ఇంట్లో వాళ్లు వాడిన బండి" అన్నారు. చలాన్ ఫోటోలో అదే నంబర్‌కు పసుపు ప్లేటు. క్యాబ్‌గా తిప్పి, తర్వాత ఓన్ ప్లేట్‌కు మార్చారన్న మాట. ఆ ఒక్క ఫోటోతో బేరం ఆగింది.

కట్టంగూర్ పోరడు:
థ్యాంక్స్ అక్కా, అన్నా. ఇప్పుడే చూశాను. రవాణా శాఖ సైట్‌లో ఫస్ట్ ఓనరే. హెచ్‌పీ లేదు. చలాన్లు నాలుగు, అన్నీ హైదరాబాద్‌లో ఓవర్ స్పీడ్. ఫోటోల్లో తెల్ల ప్లేటే. అంటే ఓకేనా?

జడ్చర్ల డీలర్:
నేను పాత కార్ల వ్యాపారంలోనే ఉన్నాను కాబట్టి మా సంగతి నేనే చెప్తా. ఆర్సీలో ఫస్ట్ ఓనర్ అని ఉంటే బండి ఒక్క చేతిలోనే ఉన్నట్టు కాదు. ఓనర్ దగ్గర పేరు మార్పుకు వాడే 29, 30 ఫారాల మీద సంతకాలు తీసుకుంటారు, కొన్నవాళ్ల పేరు ఖాళీగా వదిలేస్తారు. ఆ ఫారాలతోనే బండి ఒకరి నుంచి ఇంకొకరికి పోతుంది. మధ్యలో ఒకాయన ఏడాది తిప్పుకుంటాడు, ఇంకొకాయన ఆర్నెల్లు. ఎవరూ పేరు మార్చుకోరు, ఖర్చు ఎందుకని. చివరికి నీ పేరు రాస్తారు, నువ్వు సెకండ్ ఓనర్ అవుతావు. ఏ రిపోర్టు కొన్నా ఆ మధ్య వాళ్లు కనిపించరు, ఎందుకంటే వాళ్లు ఏ రికార్డులోనూ లేరు.

ఒక్క పని చెయ్. ఆర్సీలో ఉన్న పేరుగల మనిషితో నేరుగా మాట్లాడతానని అడుగు. "ఆయన అమెరికాలో ఉన్నాడు, ఫోన్ కలవదు" అంటే ఆలోచించుకో. నిజంగా మొదటి ఓనర్ ఇచ్చిన బండి అయితే ఏ కన్సల్టెన్సీ అయినా ఫోన్ కలిపి ఇస్తుంది. నా దగ్గరైతే నేను ఇస్తా.

వనపర్తి లాయర్:
జడ్చర్ల మిత్రుడు చెప్పింది ముఖ్యం. మోటారు వాహనాల చట్టం 50వ సెక్షన్ ప్రకారం రాష్ట్రంలోపలే అమ్మితే అమ్మినవాడు 14 రోజుల్లో ఆర్టీఏకు తెలియజేయాలి, కొన్నవాడు 30 రోజుల్లో పేరు మార్పుకు దరఖాస్తు చేయాలి. ఓపెన్ ఫారాల మీద తిరిగే బండికి ఇవేవీ జరగవు. ఈలోపు బండి ఎవరినైనా గుద్దితే బాధ్యత రికార్డులో పేరున్న ఓనర్‌దే అని సుప్రీంకోర్టు 2018 ఫిబ్రవరిలో స్పష్టంగా చెప్పింది. ఆ కేసులో కూడా కారు ఒకరి చేతి నుంచి ఇంకొకరి చేతికి మారుతూ పోయింది, రిజిస్టర్‌లో పేరు మాత్రం మొదటివాడిదే ఉండిపోయింది.

2023 ఏప్రిల్ నుంచి పాత బండ్ల డీలర్లకు కేంద్రం కొత్త నిబంధనలు తెచ్చింది. డీలర్ ఆర్టీఏ దగ్గర గుర్తింపు తీసుకోవాలి, ఓనర్ బండి అప్పగించినప్పుడు ఆ సంగతి ఆన్‌లైన్‌లో తెలియజేయాలి, అక్కడి నుంచి ఆ బండి మీద జవాబుదారీ డీలర్‌దే. ఆ కన్సల్టెన్సీకి ఆ గుర్తింపు పత్రం ఉందా అని అడగడంలో తప్పేమీ లేదు.

క్లాక్‌టవర్ కాకా:
లాయర్ సాబ్, నల్లగొండలో ఆ పత్రం అడిగితే ముందు చాయ్ తాపించి తర్వాత నవ్వుతరు.

వనపర్తి లాయర్:
నవ్వనివ్వండి కాకా. నవ్విన తర్వాత ఏం చెప్తారో అది వినాలి.

సూర్యాపేట సర్వేయర్:
ఇన్సూరెన్స్ వైపు నుంచి నేను చెప్తా, ఇది నా రోజువారీ పని. రెండో రకం రిపోర్టులో "యాక్సిడెంట్ హిస్టరీ" అని పెద్ద అక్షరాల్లో రాస్తారు. ప్రమాదం జరిగి, ఇన్సూరెన్స్ క్లెయిమ్ పెట్టి, ఆ వివరం యాప్ వాళ్లకు అందితేనే అది కనిపిస్తుంది. మన దేశంలో కంపెనీలన్నీ పాలసీ, క్లెయిమ్ వివరాలను ఇన్సూరెన్స్ ఇన్ఫర్మేషన్ బ్యూరోకు పంపుతాయి. దాని ఆఫీసు హైదరాబాద్‌లోనే ఉంది. కానీ ఏ బండికి ఎంత క్లెయిమ్ అయిందో మామూలు మనిషికి అక్కడ తెరిచి చూపించరు. ఇక డబ్బులిచ్చి ఆటోనగర్‌లో డెంటింగ్ చేయించుకున్న బండి సంగతి ఎవరికీ తెలియదు.

దీనికి నా దగ్గర ఒక అడ్డదారి ఉంది. పైసా ఖర్చు లేదు. అమ్మేవాళ్లను గత నాలుగైదేళ్ల పాలసీ కాపీలు అడుగు. ప్రతి కాపీలో "నో క్లెయిమ్ బోనస్" అని ఒక లైన్ ఉంటుంది, దాని ఎదురుగా శాతం. ఏడాది పొడుగునా ఓన్ డ్యామేజ్ (సొంత బండి రిపేరు) క్లెయిమ్ పెట్టకపోతే తర్వాతి రెన్యువల్‌లో 20, ఆ తర్వాత వరుసగా 25, 35, 45, చివరికి 50 శాతం. క్లెయిమ్ పెడితే మళ్లీ సున్నా. 2018 బండికి ఇప్పుడు 50 ఉంటే గత ఐదేళ్లలో ఓనర్ క్లెయిమ్ పెట్టలేదన్న మాట. మధ్యలో సున్నాకు పడితే, పడిన ఏడాదికి ముందు ఏడాదిలో ఏదో జరిగింది.

మూడు మినహాయింపులు గుర్తుపెట్టుకో. బోనస్ ఓనర్‌ది, బండిది కాదు. ఓనర్ మారితే కొత్త ఓనర్‌కు సున్నా నుంచే మొదలు. రెండు, పాలసీ అయిపోయాక 90 రోజుల్లోపు రెన్యువల్ చేయకపోయినా సున్నాయే. మూడు, బోనస్ ప్రొటెక్షన్ అని అదనంగా కొన్నవాళ్లకు ఒక క్లెయిమ్ అయినా శాతం తగ్గదు. పాలసీలో యాడ్-ఆన్‌ల దగ్గర అది ఉందేమో చూడు.

మూడేళ్ల కింద ఫుల్ ఇన్సూరెన్స్ ఉండి, తర్వాత కొన్ని నెలలు అసలు పాలసీయే లేక, మళ్లీ ఉత్త థర్డ్ పార్టీతో మొదలైన బండి కనిపిస్తే ఇంకా జాగ్రత్త. రిపేరు ఖర్చు బండి బీమా విలువలో 75 శాతం దాటితే కంపెనీ దాన్ని టోటల్ లాస్ కింద తీసేస్తుంది. ఆ తుక్కును వేలంలో కొని నిలబెట్టేవాళ్లు ఉన్నారు. మధ్యలో ఆ ఖాళీ సాధారణంగా అక్కడ వస్తుంది. తుక్కు నుంచి లేచిన బండి అని మన ఆర్సీ మీద ఎక్కడా ముద్ర పడదు.

మిర్యాలగూడ టు డాలస్:
నేను డాలస్ నుంచి. ఇక్కడికి మన పిల్లలు చదువుకు వచ్చి పాత కార్లు కొంటారు కాబట్టి ఈ చర్చ వాళ్లకూ పనికొస్తుంది. ఇక్కడ ఆ ముద్ర పడుతుంది. టోటల్ లాస్ అయిన కారు టైటిల్ (మన ఆర్సీ లాంటి ఓనర్ కాగితం) మీద సాల్వేజ్ అని, బాగు చేసి మళ్లీ రోడ్డెక్కిస్తే రీబిల్ట్ అని, నీళ్లలో మునిగితే చాలా రాష్ట్రాల్లో ఫ్లడ్ అని. కార్‌ఫాక్స్, ఆటోచెక్ రెండూ పేరున్న రిపోర్టులు. ఆటోచెక్ ఎక్స్‌పీరియన్ కంపెనీది. వీటికి తోడు ఎన్ఎంవీటీఐఎస్ అని ప్రభుత్వ వ్యవస్థ ఉంది, ఇన్సూరెన్స్ కంపెనీలు, తుక్కు యార్డులు చట్టం ప్రకారం అక్కడికి వివరాలు పంపాల్సిందే. ఆ డేటాతో ఇచ్చే రిపోర్టులు కార్‌ఫాక్స్ కన్నా బాగా తక్కువ ధరకే వస్తాయి. దొంగ బండా, సాల్వేజా అనేది ఇన్సూరెన్స్ మోసాలు పట్టే ఎన్ఐసీబీ సైట్‌లో 17 అక్షరాల విన్ నంబర్ (మన చాసిస్ నంబర్ లాంటిది) కొట్టి ఉచితంగా చూడొచ్చు. మన పిల్లలు చేసే పొరపాటు ఏంటంటే డీలర్ చూపించిన ఒక్క రిపోర్ట్ చూసి సంతకం పెట్టడం. ఒకదాంట్లో లేనిది ఇంకోదాంట్లో ఉంటుంది, రెండూ చూడాలి.

ఇక్కడి పెద్ద సౌకర్యం మీటర్. టైటిల్ చేతులు మారిన ప్రతిసారి అమ్మేవాడు మీటర్ రీడింగ్ రాసి సంతకం పెట్టాలి, అది కేంద్ర చట్టం. 2011 మోడల్ నుంచి మొదలుపెట్టి బండికి 20 ఏళ్లు వచ్చే దాకా ఆ నియమం ఉంటుంది. మన 29, 30 ఫారాల్లో మీటర్ గడే లేదు కదా? అందుకే అక్కడ మీటర్ తిప్పడం అంత సులువు.

జడ్చర్ల డీలర్:
నిజం. ఫారంలో అడగనిది ఎవడు రాస్తాడు.

పాలమూరు పానా:
మెట్టుగడ్డ దగ్గర నాకు షెడ్ ఉంది, ఇరవై ఏండ్ల నుంచి ఇదే పని. కాగితాల సంగతి పైన మస్తుగా చెప్పిండ్రు. బండి ముందు నిలబడి ఏం చూడాలో నేను చెప్త.

పొద్దున్నే పో, బండి చల్లగా ఉన్నప్పుడు. వాళ్లు ముందే స్టార్ట్ చేసి వేడి చేసి పెట్టిండ్రంటే చల్ల ఇంజిన్‌లో ఏదో దాస్తుండ్రు. బానెట్ లేపు. బానెట్‌ను పట్టి ఉంచే కబ్జాల బోల్టులు, ఫెండర్ బోల్టులు చూడు. కంపెనీలో బోల్టు బిగించినంకనే పెయింట్ పడుతది, కాబట్టి బోల్టు తల మీద, చుట్టూ పెయింట్ ఒక్క తీరుగా ఉంటది. పానా పడితే తల అంచున పెయింట్ లేస్తది, గీత కనిపిస్తది. ఫెండర్ ఒక్కటే విప్పినా పెద్ద భయం లేదు, స్కూటర్ వాడు గీకినా విప్పుతరు. దాని కింద లోపలి వైపు ఆప్రాన్ అనే రేకు ఉంటది, రేడియేటర్ పట్టుకొని ఉండే ఫ్రేమ్ ఉంటది. కంపెనీ వెల్డింగ్ గుండ్రంగా చిన్న చిన్న గుంటల్లా, సమాన దూరంలో ఉంటది. అవి కనబడకుండ నున్నగ పుట్టీ ఉంటే, లేకపోతే పొడుగు వెల్డింగ్ గీత ఉంటే బండి ముందు భాగం గట్టిగ గుద్దుకున్నది. వెనక్కి తిరగకుండ వచ్చెయ్.

తలుపుల రబ్బరు బీడింగ్ చేత్తో లాగితే వస్తది. దాని కింద కూడా గవే గుంటలు కనబడాలె. పెయింట్ మీటర్ ఉన్నోళ్లను పిలిస్తే ఇంకా మంచిది. కంపెనీ పెయింట్ సాధారణంగ 100, 150 మైక్రాన్ల దగ్గర ఉంటది. పుట్టీ కొట్టిన చోట 300 దాటి పోతది.

మీటర్ సంగతి: సంతలో ఎద్దుకు పళ్లు చూసినట్టు బండికి పెడల్ రబ్బర్లు, డ్రైవర్ సీటు కుడి అంచు, స్టీరింగ్ తోలు చూస్తం. 62 వేలు తిరిగిన బండికి క్లచ్ పెడల్ రబ్బరు నున్నగ అరిగిపోదు. టైరు మీద నాలుగంకెల నంబర్ ఉంటది. 3417 అంటే 2017లో 34వ వారం చేసిన టైరు. 2018 బండికి గది ఒరిజినల్ టైరు కావచ్చు. నాలుగూ 2023వి ఉంటే ఎందుకు మార్చిండ్రో అడుగు.

ఇంకొకటి, 2020 అక్టోబర్‌లో హైదరాబాద్‌ల వరద వచ్చింది, 2024 సెప్టెంబర్‌ల ఖమ్మంల మున్నేరు పొంగింది. మునిగిన బండ్లు ఇటే వస్తయి. సీటు బెల్టు మొత్తం బయటికి గుంజు, చివర మట్టి మరక ఉందా చూడు. సీటు పట్టాల తుప్పు, కాళ్ల కింద మ్యాట్ లేపి వాసన.

దేవరకొండ టీచరమ్మ:
పానా అన్నా, ఇంత వివరంగా ఎవరూ చెప్పరు. చాసిస్ నంబర్ గురించి కూడా చెప్పండి.

పాలమూరు పానా:
చాసిస్ నంబర్ ఇనుము మీద చెక్కి ఉంటది మేడమ్. మోడల్‌ను బట్టి బానెట్ కిందనో, ముందు సీటు కిందనో. దాని మీద పల్చటి కాగితం పెట్టి పెన్సిల్ అడ్డంగ రుద్దితే అంకెలు పడుతయి. ఆర్టీఏలో కూడా గట్లనే ప్రింట్ తీస్తరు. అంకెల మధ్య దూరం ఒక్క తీరుగా లేకపోయినా, చుట్టూ గ్రైండర్ రుద్దిన గుర్తు ఉన్నా ముట్టుకోవద్దు. మారుతి అయితే నంబర్ ఎంఏ3తో మొదలైతది, హ్యుందాయ్ అయితే ఎంఏఎల్‌తో.

నారాయణపేట బార్డర్:
ఒక పక్క ప్రశ్న. మాకు రాయచూర్ దగ్గర, కేఏ 36 బండ్లు యాభై వేలు తక్కువకు దొరుకుతాయి. తీసుకోవచ్చా?

జడ్చర్ల డీలర్:
తీసుకోవచ్చు, కానీ ఆ యాభై వేలు చేతిలో మిగలవు. కర్ణాటక ఆర్టీఏ నుంచి ఎన్ఓసీ తేవాలి, ఇక్కడ మళ్లీ లైఫ్ ట్యాక్స్ కట్టాలి, రిజిస్ట్రేషన్ మార్చాలి. 12 నెలలకు మించి ఇక్కడ తిప్పితే నంబర్ మార్చాల్సిందే. ఆ లెక్క ముందే వేసుకొని బేరమాడు. ఢిల్లీ డీజిల్ బండ్లయితే ఇంకా చూసుకో. పదేళ్లు దాటిన డీజిల్ బండ్లు తిరగొద్దని అక్కడ పెట్టిన నిబంధన వల్ల చవకగా ఇటు తోలుతుంటారు.

ఒక మాట మాత్రం నిజం. కేఏ బండ్ల వివరాలు వాహన్‌లో పూర్తిగా ఉంటాయి కాబట్టి నీకు ఆ వంద రూపాయల రిపోర్ట్ మన వాళ్లకన్నా ఎక్కువ చెప్తుంది.

మోడరేటర్:
దయచేసి బండి నంబర్లు, ఫోన్ నంబర్లు, కన్సల్టెన్సీల పేర్లు ఇక్కడ రాయకండి. రెండు పోస్టులు తీసేశాం.

కట్టంగూర్ పోరడు:
అప్‌డేట్ ఇస్తున్నా. సర్వేయర్ సార్ చెప్పినట్టు పాలసీ కాపీలు అడిగాను. ముందు "ఇప్పుడున్నది చాలు కదా" అన్నారు. పట్టుబడితే మూడు తెచ్చారు. 2021లో బోనస్ 35 శాతం. 2022లో సున్నా. తర్వాతది 20. ఇంకా కొత్తది అడిగితే ఆన్‌లైన్‌లో ఉందన్నారు. ప్రొటెక్షన్ యాడ్-ఆన్ ఏ కాపీలోనూ లేదు.

ఐదు వందల రిపోర్ట్ కూడా కొన్నాను, ఉంటే మంచిదని. అందులో యాక్సిడెంట్: ఏమీ లేవు. సర్వీస్ హిస్టరీ: వివరాలు అందుబాటులో లేవు.

సూర్యాపేట సర్వేయర్:
చూశారా, కాగితం ఏమంటోందో, యాప్ ఏమంటోందో. ఓనర్ మారలేదు, పాలసీల మధ్య ఖాళీ ఉందా? లేకపోతే 2021-22 పాలసీ ఏడాదిలో క్లెయిమ్ అయింది. క్లెయిమ్ అయినంత మాత్రాన బండి చెడ్డది కాదు, అద్దం పగిలినా క్లెయిమ్ పెడతారు. ఏం రిపేరు జరిగిందో తెలియాలి. షోరూంలో క్యాష్‌లెస్ చేయించి ఉంటే ఆ బిల్లు వాళ్ల సిస్టమ్‌లో ఉంటుంది. ఓనర్‌తో మాట్లాడావా?

కట్టంగూర్ పోరడు:
పాలసీలకు ఖాళీ లేదు సార్. ఓనర్ నంబర్ ఇస్తామని రెండు రోజులుగా తిప్పుతున్నారు.

ఎన్‌హెచ్65:
ఓనర్ దొరికితే ఫాస్టాగ్ స్టేట్‌మెంట్ కూడా అడుగు. పంతంగి, కొర్లపహాడ్ టోల్ దగ్గర ఎన్నిసార్లు దాటిందో తేదీలతో ఉంటుంది. వారం వారం హైదరాబాద్ పోయివచ్చే బండికి ఏడేళ్లలో 62 వేలు ఎట్ల ఆగుతాయో నువ్వే లెక్క వేసుకో. నల్లగొండ నుంచి హైదరాబాద్‌కు పోనురాను రెండు వందల కిలోమీటర్లు సులువుగా దాటుతుంది. చలాన్లన్నీ హైదరాబాద్‌లోనే అన్నావు కదా, నాకు అక్కడే అనుమానం వచ్చింది.

క్లాక్‌టవర్ కాకా:
డీజిల్ బండి కొని వారానికోసారి హైదరాబాద్ పోనోడు ఎవడుంటడు. మారుతోళ్లు 2020 ఏప్రిల్ నుంచే డీజిల్ బంద్ పెట్టిండ్రు, అందుకే ఉన్న పాత డీజిల్ స్విఫ్ట్‌లకు ఇంత గిరాకీ. గిరాకీ ఉన్న చోటనే మీటర్ తిరుగుతది. ఈ పిల్లగాడు చెప్పినంక నాకు కూడా ఆ బండి మీద మనసు విరిగింది.

జడ్చర్ల డీలర్:
రెండు రోజులు తిప్పుతున్నారంటే నంబర్ లేదనుకో. ఆర్సీలో ఊరు ఉంటుంది కదా. నల్లగొండ ఏమన్నా న్యూయార్కా, ఎవరో ఒకరికి తెలుస్తుంది.

కట్టంగూర్ పోరడు:
దొరికారు. మా అన్న ఫ్రెండ్‌కు తెలిసినవాళ్లే. ఓనర్ మంచాయన, రెండేళ్ల కిందే ఇంకొకరికి అమ్మేశారట, ఫారాల మీద సంతకాలు పెట్టి ఇచ్చేశారు. ఇంకా తన పేరు మీదే ఉందని నేను చెప్తేగానీ ఆయనకు తెలియదు. కంగారు పడ్డారు పాపం. ఆయన ఫోన్‌లో కంపెనీ యాప్ ఇంకా ఉంది, ఆయనే తెరిచి చూపించారు.

2022 ఫిబ్రవరిలో బాడీ రిపేర్, ముందు భాగం. ఆ రోజు జాబ్ కార్డులో మీటర్ 71,340.

ఇప్పుడు బండిలో మీటర్ 62 వేలు.

పాలమూరు పానా:
తమ్మీ, ఇంక నేను బండి చూసేది ఏం లేదు.

దేవరకొండ టీచరమ్మ:
2022కే 71 వేలంటే ఇప్పుడు లక్ష దాటి ఉంటుంది. వాళ్లకు అడ్వాన్స్ ఏమైనా ఇచ్చావా?

కట్టంగూర్ పోరడు:
లేదక్కా, ఇవ్వలేదు. కన్సల్టెన్సీకి ఫోన్ చేసి చెప్తే "మాకు వచ్చినప్పుడే అట్ల వచ్చింది, లక్ష తిరిగిన బండి రేటుకే ఇస్తాం, నాలుగు లక్షలకు తీసుకో" అన్నారు. అంత దూరం ప్రయాణం, నాన్నను ఎక్కించుకొని పోవాలి, నాకు మనసు ఒప్పలేదు.

వనపర్తి లాయర్:
ఆ పాత ఓనర్‌కు చెప్పండి. అమ్మిన సంగతిని రాతపూర్వకంగా ఆర్టీఏకు, కొన్నవాళ్లకు స్పీడ్ పోస్టులో వెంటనే పంపమనండి. అమ్మినప్పటి కాగితం ఏదైనా ఉంటే దాని కాపీ జత చేయమనండి. ఈ బండి రేపు ఏ రోడ్డు మీద ఏం చేసినా ముందు నోటీసు వచ్చేది ఆయనకే.

కట్టంగూర్ పోరడు:
చెప్పాను సార్, ఆయన రేపే వెళ్తానన్నారు.

మరో బండి దొరికింది. నకిరేకల్‌లో ఒక బ్యాంకు ఉద్యోగి, నేరుగా ఓనరే అమ్ముతున్నారు. 2019 పెట్రోల్, టీఎస్ 05. మీటర్ 48 వేలు. బోనస్ ఇప్పుడు 50 శాతం, ప్రొటెక్షన్ యాడ్-ఆన్ లేదు. కంపెనీ యాప్‌లో చివరి సర్వీస్ 45 వేల దగ్గర, వరుసగా అన్నీ ఉన్నాయి. ఆయన బ్యాంకు లోను మీద కొన్నారు, తీరిపోయింది, కానీ ఆర్సీలో హెచ్‌పీ ఇంకా పోలేదు. ఈసారి డబ్బు పెట్టి ఆ మూడో రకం, మనిషి వచ్చి చూసే రిపోర్ట్ తీసుకుందామా, లేక పానా అన్నను పాలమూరు నుంచి రమ్మందామా?

పాలమూరు పానా:
నకిరేకల్ దాకా నేను రాను గానీ, సూర్యాపేటలో నాకు తెలిసిన పిల్లగాడు ఉన్నడు, పెయింట్ మీటరూ స్కానరూ రెండూ ఉన్నయి. మెసేజ్ పెట్టు, నంబర్ ఇస్త. వెయ్యి రూపాయల రిపోర్ట్ తప్పేం కాదు. కానీ ఎవరు వస్తున్నరో, ఆయన ఎవరి దగ్గర జీతం తీసుకుంటున్నడో అడుగు. బండి అమ్మే కంపెనీనే రిపోర్ట్ రాస్తే అది వాళ్ల షోకేసు కాగితం. నువ్వు పైసలిచ్చి నీ కోసం పిలిపించుకున్నోడు రాస్తే వేరే. వచ్చినాయన పక్కనే నిలబడు, ప్రతి ఫోటో నీ ముందర తీయమను.

దేవరకొండ టీచరమ్మ:
హెచ్‌పీ సంగతి మర్చిపోకు. లోను తీరినా ఆర్సీలో బ్యాంకు పేరు పోవాలంటే ఫారం 35, బ్యాంకు ఎన్ఓసీ రెండూ కావాలి. ఆ ఎన్ఓసీకి సాధారణంగా 90 రోజులే గడువు ఉంటుంది. ఆయన ఎప్పుడో తీసుకొని బీరువాలో పెట్టుంటే కొత్తది తెచ్చుకోమను. హెచ్‌పీ తీసేశాక ఒకసారి, పేరు మార్పు స్లాట్ బుక్ చేసే ముందు ఇంకోసారి రవాణా శాఖ సైట్‌లో చూడు. మొత్తం డబ్బు అప్పటి దాకా ఇవ్వకు.

సూర్యాపేట సర్వేయర్:
పేరు మారిన తర్వాత ఇన్సూరెన్స్ కూడా 14 రోజుల్లో నీ పేరుకు మార్పించుకో. థర్డ్ పార్టీ చట్టప్రకారం దానంతటదే నీకు వర్తిస్తుంది, కానీ ఓన్ డ్యామేజ్ క్లెయిమ్ కావాలంటే పాలసీలో నీ పేరు ఉండాలి. ఆయన 50 శాతం బోనస్ నీకు రాదు, మిగిలిన నెలలకు ఆ తేడా కట్టమంటారు. అది బేరంలో ముందే మాట్లాడుకో. ఆయన మాత్రం బోనస్ రిజర్వింగ్ లెటర్ తీసుకుంటే కొత్త కారుకు వాడుకోవచ్చు, ఆ సంగతి చెప్తే ఆయనే రేటులో కొంచెం సర్దుతాడు.

కట్టంగూర్ పోరడు:
సరే సార్. ఆదివారం సూర్యాపేట మెకానిక్‌తో వెళ్తున్నాను. పెయింట్ రీడింగులు, బోల్టుల ఫోటోలు ఇక్కడే పెడతాను, పానా అన్న చూసి చెప్తే అడ్వాన్స్ ఇస్తాను.